తొలి కౌమారంలో జెండర్ అనుసరణ – తోటివారిలో పరపతి: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
10 నుంచి 14 ఏళ్ల మధ్య వయసులో పిల్లలు తోటివారి మధ్య తమ స్థానాన్ని వెతుక్కుంటారు. మగపిల్లవాడు ఇలా ఉండాలి, ఆడపిల్ల ఇలా ఉండాలి అనే కట్టుబాటును పాటించడం ఆ స్థానానికి ఎంతవరకు తోడ్పడుతుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆంగ్లంలో ‘పాపులారిటీ’ అనే ఒకే మాట కింద కలిసిపోయిన ఇష్టం, పరపతి అనే రెండు విషయాలను విడదీసి, పూర్వ పరిశోధనల ఆధారంగా వాటి స్వభావాన్ని వివరిస్తుంది. తెలుగు బడి వాడుకలోని కొన్ని మాటలను, ఒక శిక్షను ఇదే కోణంలో చర్చిస్తుంది.

కీలకపదాలు: తొలి కౌమారం, జెండర్ అనుసరణ, పరపతి, ఇష్టం, మగరాయుడు, ఆడంగి, పెద్దమనిషి.

1. ఇష్టం – పరపతి

ఏడో తరగతి పిల్లలను రెండు ప్రశ్నలు అడగవచ్చు. మొదటిది, ‘ఈ తరగతిలో నీకు ఎవరంటే ఇష్టం?’ రెండోది, ‘ఈ తరగతిలో ఎవరి మాట చెల్లుతుంది?’ రెండు ప్రశ్నలకూ ఒకే పేర్లు వస్తాయని పెద్దలు అనుకుంటారు. పిల్లలు మాత్రం మొదటి ప్రశ్నకు కొన్ని పేర్లు, రెండో ప్రశ్నకు మరికొన్ని పేర్లు చెబుతారు. కొన్ని పేర్లు రెండు జాబితాల్లోనూ కనిపించినా, జాబితాలు ఒకటి కావు.

ఈ తేడాను గుర్తించడానికి పరిశోధనా రంగానికి చాలా కాలమే పట్టింది. ఒక సమూహంలో ఎవరు ఎవరిని కోరుకుంటున్నారో అడిగి, ఆ సంబంధాలను గీతలుగా గీసి చూపే పద్ధతిని జేకబ్ మొరెనో 1934లో వెలువరించిన గ్రంథంతో ప్రచారంలోకి తెచ్చాడు. న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ పట్టణంలో బాలికల శిక్షణాలయంలో చేసిన పని అందుకు ముఖ్యమైన ఆధారం. సోషియోమెట్రీ అనే ఆ పద్ధతిని 1982లో జాన్ కోయ్, కెనెత్ డాడ్జ్, హైడీ కొప్పొటెల్లి మరింత పదునుపెట్టారు. ‘ఎవరంటే ఎక్కువ ఇష్టం’, ‘ఎవరంటే ఏమాత్రం ఇష్టం లేదు’ అనే రెండు ప్రశ్నల జవాబులను కలిపి పిల్లలను ఐదు వర్గాలుగా చూశారు: అందరూ ఇష్టపడేవారు, అందరూ తిరస్కరించేవారు, ఎవరూ పట్టించుకోనివారు, కొందరు బాగా ఇష్టపడి కొందరు బాగా ద్వేషించేవారు, సగటువారు. ఈ పద్ధతిలో ‘పాపులర్’ అంటే ఎక్కువమందికి ఇష్టమైన పిల్లవాడు లేదా పిల్ల.

అయితే పిల్లలే ఆ మాటను ఏ అర్థంలో వాడుతున్నారన్న ప్రశ్న మిగిలిపోయింది. జెన్నిఫర్ పార్క్‌హర్స్ట్, ఆండ్రియా హాప్‌మేయర్ 1998లో ప్రచురించిన అధ్యయనంలో ‘మీ బడిలో పాపులర్ ఎవరు?’ అని పిల్లలనే సూటిగా అడిగారు. అలా పేరు వచ్చినవారిలో చాలామంది, తోటివారు ఇష్టపడేవారి జాబితాలో లేరు. రెండింటా ఉన్నవారిని దయగలవారుగా, నమ్మదగినవారుగా పిల్లలు వర్ణించారు. పేరు మాత్రమే ఉండి ఇష్టం దక్కనివారిని పెత్తనం చేసేవారుగా, గర్విష్ఠులుగా చెప్పారు.

తెలుగులో ఈ విషయం చెప్పడానికి ప్రజాదరణ, జనాదరణ అనే మాటలు వాడుతున్నారు. ఆదరణ అనే మాటలో ప్రేమ ఉంది కనుక అవి పై తేడాను పట్టుకోలేవు. ఇందుకు ‘పరపతి’ మెరుగైన మాట. ఊళ్లో పలుకుబడి ఉన్న మనిషికి పరపతి ఉందంటారు. సహకార పరపతి సంఘం అన్నప్పుడు అదే మాటకు అప్పు పుట్టించగల శక్తి అని అర్థం. పలుకుబడి, అప్పు పుట్టడం అనే ఈ రెండు అర్థాలూ బడిపిల్లల లోకానికి చక్కగా సరిపోతాయి. పరపతిని కూడబెట్టుకోవాలి, కాపాడుకోవాలి. అవసరమైనప్పుడు ఖర్చుపెట్టుకోవచ్చు కూడా. ఇకపై ఈ వ్యాసంలో ‘పరపతి’ అన్న మాట ఈ అర్థంలోనే వస్తుంది.

2. పరపతికి కావలసిన పెట్టుబడి

పరపతి దేనివల్ల వస్తుందన్నదానికి తరచుగా ఉదాహరించే పరిశోధన ప్యాట్రీషియా ఆడ్లర్, స్టీవెన్ క్లెస్, పీటర్ ఆడ్లర్ 1992లో ప్రచురించినది. అమెరికాలో ప్రాథమిక పాఠశాల పై తరగతుల పిల్లల మధ్య చాలాకాలం గడిపి రాసిన అధ్యయనమిది. మగపిల్లలకు పరపతి తెచ్చేవి ఆటల్లో నేర్పు, దేనికీ చలించనట్లు కనిపించడం, మొండిధైర్యం, నలుగురిలో నెగ్గుకురావడం. ఆడపిల్లలకు తెచ్చేవి తల్లిదండ్రుల ఆర్థికస్థితి, రూపం, దుస్తులు, మాటతీరు, చదువు. ఒకే తరగతి గదిలో, ఒకే ఉపాధ్యాయురాలి ముందు కూర్చున్న పిల్లలకు పరపతి సంపాదించే దారులు రెండుగా చీలిపోయాయి. మగపిల్లవాడికి తన చేతల వల్ల వచ్చే పరపతి, ఆడపిల్లకు చాలావరకు తన చేతిలో లేని వాటివల్ల వస్తోంది. తండ్రి సంపాదన, ముఖవర్చస్సు పన్నెండేళ్ల పిల్ల ఎంచుకున్నవి కావు.

ఆ అధ్యయనంలో మరో అంశం ఉంది. పై తరగతులకు వెళ్లేకొద్దీ మగపిల్లలకు బాగా చదవడం పరపతిని తగ్గించే విషయంగా మారింది. దీన్ని యథాతథంగా తెలుగునేలకు దించుకోవడం కుదరదు. ర్యాంకుల పేర్లు బస్సుల మీద, గోడల మీద కనిపించే సమాజంలో మొదటి ర్యాంకు మగతనానికి మచ్చ కాదు సరికదా, ఆటల్లో వెనుకబడిన పిల్లవాడికి అదే రక్షణకవచం అవుతుంది. దేశాన్నిబట్టి, వర్గాన్నిబట్టి పెట్టుబడి మారినా, దాన్ని మగపిల్లలకొకటి ఆడపిల్లలకొకటిగా పంచే పద్ధతి మాత్రం మారినట్లు కనిపించదు.

ఆడపిల్లల పరపతికి ఉన్న అస్థిరతను డోనా ఎడర్ 1985లోనే చూపింది. ఒక మాధ్యమిక పాఠశాలలో, ఆటల పోటీల్లో ప్రేక్షకులను ఉత్సాహపరిచే బృందానికి ఎంపికైన అమ్మాయిలకు ఒక్కసారిగా పేరు వచ్చింది. అందరూ వారి స్నేహం కోరారు. ఆ స్నేహాలన్నింటికీ బదులివ్వడం ఎవరికీ సాధ్యం కాదు. బదులు దొరకనివారు ‘దానికి పొగరు’ అన్నారు. కొద్దికాలంలో ఆ అమ్మాయిలు అందరికీ తెలిసినవారుగా, చాలామందికి ఇష్టం లేనివారుగా మిగిలారు. ఎడర్ దీన్ని ఒక చక్రంగా వర్ణించింది. పరపతి పెరిగే క్రమమే ఇష్టాన్ని హరించే క్రమంగా ఎలా మారుతుందో ఇంతకంటే స్పష్టంగా చూపిన రచన అరుదు.

3. గీత దాటగలిగేవారు

కట్టుబాటును ఎక్కువగా పాటించేవారికే ఎక్కువ పరపతి అనుకుంటే, పరపతి గల పిల్లలు అందరికంటే కట్టుబాటుకు లోబడి ఉండాలి. బ్యారీ థోర్న్ 1993లో ప్రచురించిన ‘జెండర్ ప్లే’ దీనికి భిన్నమైన చిత్రాన్ని ఇస్తుంది. కాలిఫోర్నియా, మిచిగన్ రాష్ట్రాల ప్రాథమిక పాఠశాలల ఆటస్థలాల్లో కూర్చుని ఆమె పిల్లలను గమనించింది. ఆడపిల్లల ఆటలోకి వెళ్లిన మగపిల్లలను తోటివారు ఎగతాళి చేయడం మామూలే. కానీ తరగతిలో అందరికంటే పొడవుగా ఉండి, ఆటల్లో మేటి అయిన పిల్లవాడు అదే పని చేస్తే ఎవరూ నవ్వలేదు. అతని మగతనం మీద ఎవరికీ అనుమానం లేదు. అందువల్ల కొంత ఖర్చుపెట్టినా అతనికి లోటు రాదు.

పరపతి అనే మాటలోని అప్పు అర్థం ఇక్కడ పనికొస్తుంది. ఆస్తి ఉన్నవాడికి అప్పు పుడుతుంది, లేనివాడికి పుట్టదు. మహాభారతం విరాటపర్వంలో అర్జునుడు బృహన్నలగా విరాటుని కొలువులో ఉత్తరకు నాట్యం నేర్పాడు. ఆ ఏడాదివల్ల అతని కీర్తికి ఏ లోటూ రాలేదు. అతను గాండీవి అని పాఠకుడికి ముందే తెలుసు. ఆ కథలో అంతఃపుర స్త్రీల ముందు ప్రగల్భాలు పలికి, శత్రుసేనను చూడగానే పారిపోబోయినవాడు ఉత్తరకుమారుడు. మగతనాన్ని మాటల్లో అందరికంటే ఎక్కువగా ప్రదర్శించినవాడు అతడే. కథ ఇలా ఉండగా, ఏ పరాక్రమమూ రుజువు చేసుకునే అవకాశం రాని ఎనిమిదో తరగతి పిల్లవాడు నాట్యం నేర్చుకుంటానంటే అతణ్ణి ఎగతాళి చేయడానికి వాడేది ‘బృహన్నల’ అన్న పేరే.

దీన్నిబట్టి కట్టుబాటు భారం తరగతిలో అందరిమీదా సమానంగా పడదని తెలుస్తుంది. పైనున్నవారికి సడలింపు ఉంది. అందరికంటే కిందనున్నవారిలో కొందరు ఆశ వదులుకుని తమ దారిన తాము ఉంటారు. ఎక్కువ ఒత్తిడి పడేది మధ్యలో ఉన్నవారి మీద. పైకి ఎక్కవచ్చన్న ఆశ, కిందికి జారతామన్న భయం రెండూ ఉన్నది వారికే. తోటివాణ్ణి వెక్కిరించడంలో ముందుండేవారిలో ఈ మధ్యస్థులు ఎక్కువగా ఉండటానికి కారణం ఇదే కావచ్చు.

4. మాటల పహరా

తెలుగు బడిలో ఈ కట్టుబాటును కాపలా కాసేవి మాటలు. వాటిలో ఒక జతను పరిశీలించవచ్చు. చెట్లెక్కే, గట్టిగా మాట్లాడే, మగపిల్లలతో కలిసి ఆడే పిల్లను ‘మగరాయుడు’ అంటారు. ఆ మాటలో మందలింపు ఉన్నా, ‘రాయుడు’ అనే గౌరవపదం కూడా ఉంది. తండ్రి కొంత మురిపెంగా, తల్లి కొంత దిగులుగా అనే మాట అది. మృదువుగా మాట్లాడే, ముగ్గు వేసే, ఆడపిల్లల మధ్య కూర్చునే పిల్లవాణ్ణి ‘ఆడంగి’ అంటారు. బహువచనంలో ‘ఆడంగులు’ అంటే స్త్రీలు అనే మామూలు అర్థమే. అదే మాట ఏకవచనంలో పిల్లవాడి మీదికి వెళ్లేసరికి తిట్టుగా మారుతుంది. దాన్ని మురిపెంగా అనేవారు ఎవరూ ఉండరు. ‘గాజులు తొడిగించుకో’, ‘చీర కట్టుకో’ అనే ఎత్తిపొడుపుల్లోనూ జరిగేది ఇదే. స్త్రీల దుస్తులు, నగలు పురుషుడిని అవమానించే సాధనాలవుతున్నాయి. వాటిని రోజూ ధరించే ఆడపిల్లలు అదే తరగతిలో కూర్చుని ఈ మాటలు వింటున్నారన్న విషయం ఎవరికీ తట్టదు.

ఈ అసమానత తెలుగుకే పరిమితం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం కలిసి చేపట్టిన తొలి కౌమార అధ్యయనం 15 దేశాల్లో 10–14 ఏళ్ల పిల్లలను, వారి తల్లిదండ్రులను పలకరించింది. అందులో ఢిల్లీ కూడా ఉంది. 2017లో వెలువడిన తొలి ఫలితాల ప్రకారం, చాలాచోట్ల ఆడపిల్లలు మగపిల్లల వేషధారణను, ఆటలను కొంతవరకు అందుకోగలుగుతున్నారు. ఆడపిల్లల పనులవైపు మొగ్గిన మగపిల్లలకు మాత్రం హేళన, ఒక్కోసారి దెబ్బలు తప్పడం లేదు.

అయితే మగరాయుడికి ఇచ్చిన సడలింపు ఎంతకాలం ఉంటుందన్నది మరో ప్రశ్న. ఆ గడువును చెప్పే మాట కూడా తెలుగులోనే ఉంది. పిల్ల రజస్వల అయితే ‘పెద్దమనిషి అయింది’ అంటారు. పురుషుల విషయంలో ‘పెద్దమనిషి’ అంటే తగవులు తీర్చేవాడు, పదిమందిలో మాట చెల్లేవాడు, పరపతి గలవాడు. 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందంలో ఆ మాటకున్న బరువు తెలిసిందే. పిల్ల విషయంలో అదే మాట ఆటస్థలం తలుపు మూయడానికి సంకేతం. ఓణీల వేడుకలో ఆమెను అందంగా అలంకరించి, పదిమందినీ పిలిచి, ఫొటోలు తీసిన తర్వాత సైకిల్ మీద ఒంటరిగా తిరగవద్దంటారు. నిన్నటివరకు మగపిల్లలతో కబడ్డీ ఆడిన పిల్లకు ‘ఇంకా ఆ మగరాయుడి వేషాలేమిటి’ అనే మాట ఎదురవుతుంది. మాట మారలేదు, దానిలోని మురిపెం పోయింది. యవ్వనారంభంలో ఆడపిల్లల ప్రపంచం కుంచించుకుపోతుందనీ, మగపిల్లల ప్రపంచం విస్తరిస్తుందనీ పై అధ్యయనం చెప్పినదానికి తెలుగు వాడుకే సాక్ష్యమిస్తోంది.

‘ఏడ్చే మగవాణ్ణీ నవ్వే ఆడదాన్నీ నమ్మకూడదు’ అనే సామెత రెండు పక్షాలకూ ఒకేసారి గీత గీస్తుంది. సామెతలో శిక్ష ‘నమ్మకపోవడం’. బడిలో దానికి సమానమైన శిక్ష జట్టులో చేర్చుకోకపోవడం.

కాలిఫోర్నియాలోని ఒక ఉన్నత పాఠశాలలో పరిశోధన చేసి సి.జె. పాస్కో 2007లో ప్రచురించిన గ్రంథం ఇటువంటి తిట్లు పనిచేసే తీరును వివరించింది. అక్కడి పిల్లలు ఇంకాస్త పెద్దవారే అయినా పరిశీలన ఇక్కడికీ వర్తిస్తుంది. స్వలింగ సంపర్కులను ఉద్దేశించిన తిట్టు ఆ బడిలో ఒక్క పిల్లవాడికే అంటుకుని ఉండలేదు. ఎవరు ఏ చిన్న తప్పు చేసినా, ఒక క్షణం తడబడినా ఆ మాట వారి మీదికి వెళ్లేది. దాన్ని వదిలించుకోవడానికి వారు వెంటనే మరొకరి మీదికి విసిరేవారు. తిట్టు తగిలినవాడికే కాదు, తగలనివాడికి కూడా అందువల్ల నిద్ర ఉండదు. ‘ఆడంగి’ విషయంలో తెలుగు తరగతి గదిలో జరిగేది కూడా ఇదే. ఆ మాట ఫలానా పిల్లవాడి స్వభావాన్ని చెబుతున్నట్లు పైకి కనిపించినా, మిగిలిన నలభైమందిని వరసలో నిలబెట్టడమే దాని అసలు పని.

5. అనుసరణ వేరు, ఒత్తిడి వేరు

ఇంతవరకు చెప్పినదాన్నిబట్టి కట్టుబాటును పాటించడమే పిల్లలకు చేటు అనే నిర్ణయానికి రావడం తొందరపాటు. సూసన్ ఈగన్, డేవిడ్ పెరీ 2001లో 4 నుంచి 8 తరగతుల పిల్లలపై ప్రచురించిన అధ్యయనం జెండర్ గుర్తింపును ఒకే కొలబద్దతో చూడలేదు. ‘నేను తోటి మగపిల్లల (ఆడపిల్లల) వంటివాణ్ణే’ అనే భావన ఒకటి, తన జెండర్‌తో తృప్తి మరొకటి, కట్టుబాటు తప్పకూడదని తల్లిదండ్రులూ తోటివారూ తనలో తానూ పెట్టే ఒత్తిడి ఇంకొకటి. ఇలా విడివిడిగా కొలిచినప్పుడు తోటివారి వంటివాణ్ణే అనుకునే పిల్లల్లో ఆత్మగౌరవం, తోటివారి ఆమోదం ఎక్కువగా కనిపించాయి. ఒత్తిడి ఎక్కువగా అనుభవించే పిల్లల పరిస్థితి ఇందుకు విరుద్ధం. తాను తన జట్టువాడినే అన్న నిశ్చింత ఉండి, అవతలి జట్టు పనులు కూడా చేయవచ్చన్న స్వేచ్ఛ ఉన్న పిల్లలు అందరికంటే మెరుగ్గా ఉన్నారు.

ఈ తేడా ముఖ్యమైనది. క్రికెట్ అంటే ప్రాణమిచ్చే పిల్లవాడికి ఆ ఇష్టం వల్ల నష్టమేమీ లేదు. క్రికెట్ ఆడకపోతే తనను ఏమంటారోనని ఆడే పిల్లవాడికే నష్టం. బయటి నుంచి చూసే ఉపాధ్యాయుడికి ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు.

కౌమారం రాగానే పిల్లలు సహజంగానే కట్టుబాట్లవైపు గట్టిగా మొగ్గుతారని జాన్ హిల్, మేరీ ఎలెన్ లించ్ 1983లో ప్రతిపాదించారు. చాలాకాలం పాఠ్యగ్రంథాలు దీన్ని నిర్ధారిత సత్యంలా చెప్పాయి. కానీ హెదర్ ప్రీస్, సారా లిండ్‌బర్గ్, జానెట్ హైడ్ 11 నుంచి 15 ఏళ్ల వరకు ఒకే పిల్లలను అనుసరిస్తూ చేసి 2009లో ప్రచురించిన అధ్యయనంలో అటువంటి పెరుగుదల కనిపించలేదు. ‘ఆ వయసు అలాంటిది’ అని పెద్దలు సరిపెట్టుకునే మాటకు ఉన్న ఆధారం అనుకున్నంత గట్టిది కాదు.

6. బడి చేసే పని

పిల్లల హేళనకు బడి ఎలా తోడవుతుందో చెప్పే రచన తెలుగులో ఒకటి అందుబాటులో ఉంది. తమిళనాడుకు చెందిన ఎ. రేవతి ఆత్మకథను పి. సత్యవతి ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా అనువదించారు. ఆ అనువాదానికి 2019 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం లభించింది. ఆ గ్రంథాన్ని సాధారణంగా హిజ్రా జీవిత చిత్రణగానే చదువుతారు. దాని తొలి భాగాన్ని బడి గురించిన రచనగా కూడా చదవవలసి ఉంది. ఆడపిల్లల నడక, ఆడపిల్లల ఆటలు ఇష్టపడిన పిల్లవాడిగా తాను పొందిన ఎగతాళిని రేవతి చెబుతుంది. ఆ ఎగతాళితో పాటు ఉపాధ్యాయుల దండన కూడా అందులో నమోదైంది. తోటివారు వెక్కిరించినదానికే ఉపాధ్యాయుడూ శిక్షిస్తే, వెక్కిరింపు నియమంగా స్థిరపడుతుంది.

ఇంత కఠినంగా కాకపోయినా, మన బడులు చాలావాటిలో దీనికి ఒక తేలికపాటి రూపం ఉంది. అల్లరి చేసిన మగపిల్లవాణ్ణి ఆడపిల్లల బెంచీలో కూర్చోబెట్టడం ఆ శిక్ష. తరగతి అంతా నవ్వుతుంది, ఉపాధ్యాయుడూ నవ్వుతాడు. ఆ పిల్లవాడు తలవంచుకుంటాడు. బెత్తం వాడలేదు కనుక దీన్ని మంచి పద్ధతిగా భావించేవారూ ఉన్నారు. ఆడపిల్లల పక్కన ఉండటం మగపిల్లవాడికి పరువునష్టం అన్న పాఠాన్ని ఇది ఐదు నిమిషాల్లో ఎవరూ మరవలేనట్లు నేర్పుతుంది. అదే సమయంలో ఆ బెంచీలో ముందునుంచీ కూర్చుని ఉన్న పిల్లలకు, తమ స్థానమే ఇతరులకు శిక్ష అని చెబుతుంది. వారు ఏ తప్పూ చేయలేదు.

ఈ వయసులో మార్పు సాధ్యమేనా అన్నదానికి భారతదేశం నుంచే ఆధారం ఉంది. హర్యానాలో 314 ప్రభుత్వ పాఠశాలల్లో సుమారు 14,000 మంది పిల్లలపై దివా ధర్, తరుణ్ జైన్, సీమా జయచంద్రన్ చేసిన అధ్యయనం 2022లో వెలువడింది. ఎంపికచేసిన బడుల్లో ఏడో తరగతి నుంచి మొదలుపెట్టి రెండున్నరేళ్లపాటు బ్రేక్‌త్రూ అనే సంస్థ జెండర్ గురించి చర్చాతరగతులు నడిపింది. పిల్లల అభిప్రాయాల్లో సమానత్వంవైపు మార్పు వచ్చింది. కార్యక్రమం ముగిసిన రెండేళ్ల తర్వాత కూడా అది నిలిచింది. ఇంటిపని చేయడం వంటి ప్రవర్తనలో మార్పు ఆడపిల్లల కంటే మగపిల్లల్లో ఎక్కువగా కనిపించింది. మారాలనుకున్నప్పుడు మారే వెసులుబాటు మగపిల్లలకే ఎక్కువ ఉండటం దీనికొక కారణమని అర్థం చేసుకోవచ్చు.

తెలుగు విద్యారంగంలో ఈ దిశగా జరిగిన ముఖ్యమైన ప్రయత్నం తెలుగు అకాడమీ 2015లో ప్రచురించిన ద్విభాషా జెండర్ పాఠ్యగ్రంథం. హైదరాబాదు జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం దాన్ని ఇంజనీరింగ్ విద్యార్థులకు పాఠ్యాంశంగా తెచ్చింది. విలువైన గ్రంథమే. కానీ అది విద్యార్థి చేతికి వచ్చేసరికి అతనికి పద్దెనిమిదేళ్లు దాటుతాయి. ‘ఆడంగి’ అనే మాట అతను విన్నదీ, మరొకరిమీద విసిరిందీ అంతకు ఆరేడేళ్ల ముందే. ఏడో తరగతికి అటువంటి పుస్తకం వచ్చేవరకు ఆగనక్కరలేని పనులు కొన్ని ఉన్నాయి. బెంచీల వరస ఉపాధ్యాయుడి చేతిలోనే ఉంటుంది. ఆడపిల్లలూ మగపిల్లలూ అన్న విభజన లేకుండా పేర్ల అక్షరక్రమంలో కూర్చోబెట్టే తరగతిలో, పైన చెప్పిన శిక్ష వేయడానికి విడిగా ఆడపిల్లల బెంచీ అంటూ ఉండదు.